గోల

కొండమీద సభ, కింద డాన్యూబ్.
పదహారేళ్లుగా నా పని
ఎవరేమన్నా గీతల్లోకి దించడం.

ఈ రాత్రి రక్షణ ఒప్పందం.
పైదేశపు విమానాలు మన రన్‌వే మీద దిగొచ్చా, కూడదా?
"గొడుగు" అన్నాడు మంత్రి.
"తాళంచెవుల గుత్తి" అంది ఎదుటి బల్ల.
షార్ట్‌హ్యాండ్‌లో రెండూ
దాదాపు ఒకే పొడవు.

ఎవరో ఈల వేశారు. ఎవరో మైకు లాక్కున్నారు.
అలాంటప్పుడు మేం రాసే మాట ఒక్కటే: గోల.
"అరవై ఎనిమిది మరిచారా!" అని ఒక గొంతు.
ఏ వైపుదో తెలియలేదు.
అదీ గోలలోనే కలిసింది.

ఆ ఆగస్టులో పదిహేడేళ్ల మా అమ్మ ఒతీలియా
ఊరిపేరు బోర్డుకి సున్నం కొట్టింది,
ట్యాంకులు దారి తప్పాలని.
నిచ్చెన పట్టుకున్నది వెందెలీన్ మామయ్య.
ఇప్పుడు ఆమె సంతకం కావాలంటుంది, ఆయన వద్దంటాడు.
ఇద్దరూ ఆ బోర్డునే సాక్ష్యం పిలుస్తారు.
ఆదివారం భోజనాల దగ్గర
ఉప్పు గిన్నె నా చేతిమీదుగానే అటూ ఇటూ.

పొద్దున సభ్యులొచ్చి
తమ ప్రసంగాల్లో ఒత్తులు దిద్దుకుంటారు.
గోలలో ఇది నాదని ఎవరూ అడగరు.

ఓట్ల అంకెలు వేశాక, ఎందుకో,
మార్జిన్‌లో "సున్నం" అని రాసి
కొట్టేశాను.