గుండీల ఊరు

పొలిమేరలో బోర్డు:
టెనెంట్స్ బెండ్, జనాభా 1140.
ఆ చివరి సున్నాకి ఎవరో
కళ్ళూ నోరూ గీసి పోయారు.

మోటెల్లో తాళంచెవి ఇచ్చిన ఆర్లిస్
ఎక్కణ్ణించి అని అడగలేదు.
"వంతెన చూడ్డానికొచ్చుంటే
మూసేశారు" అంది.
తుప్పట. రెండేళ్ళయిందట.
కరపత్రంలో మాత్రం ఇంకా
పెళ్ళివాళ్ళ కారొకటి దాని మీద వెళ్తూనే ఉంది.

మూడు మడతల కరపత్రం.
జలపాతం పదకొండు మైళ్ళు,
గుహ పంతొమ్మిది,
ఎలుగుబంటి దిబ్బ ఏడు.
అన్నీ "దగ్గర్లోనే".
ఊరి గురించి ఒకే ఒక్క వాక్యం,
అదీ మడత పడే చోట
అరిగి చిరిగిపోయింది.

జలపాతం దగ్గర ఆగస్టు.
నీళ్ళు లేవు.
బండ మీద అవి జారిన నల్లటి చార,
కింద ఎండిన గుంటలో ఒక పసిపిల్ల బూటు.
కంచె పట్టుకుని నిలబడ్డ కుటుంబం
లేని హోరుని దాటాలన్నట్టు
గొంతు పెంచి మాట్లాడుకుంటోంది.
నేనూ గట్టిగానే అరిచాను:
"ఏప్రిల్లో రావాలట!"

గుహలో గైడు ఎమిట్, పదిహేడేళ్ళు,
నూనూగు మీసం,
దీపం ఆర్పేసి
"అసలైన చీకటంటే ఇది" అన్నాడు.
రోజుకి ఆరుసార్లు ఆర్పుతాడట.
భయం వెయ్యదా అంటే
"ఇరవై దాకా లెక్కపెడతాను,
పదమూడు దగ్గర ఎవరో ఒకరు దగ్గుతారు."
ఇవాళ దగ్గింది నేనే.

ఎలుగుబంటి దిబ్బ:
వెయ్యేళ్ళ కిందట ఎవరో
బుట్టలతో మన్ను మోసి పోశారట.
మోకాలెత్తు గడ్డి, ఒక మిట్ట, ఒక పల్లం.
ముక్కేదో తోకేదో తేల్చుకోలేక
అటూ ఇటూ తిరిగాను.
ఆకాశం నుంచి చూస్తే తెలుస్తుందట.
"దయచేసి ఎలుగుబంటి మీద నడవకండి" అన్న బోర్డు
కనబడేసరికి
దాని నడుం మీద ఉన్నాను.
చెప్పులు విప్పి చేత పట్టుకుని
మెల్లగా దిగాను.

కరపత్రం అయిపోయింది.
వాన మొదలైంది.
తలదాచుకోవడానికి తోసిన తలుపు
పాత గుండీల ఫ్యాక్టరీది.
మంగళవారం, శనివారం తెరుస్తారు.
ఏ వారమో నాకు గుర్తు లేదు.

గెర్డా స్టుల్కెన్, ఎనభై నాలుగు.
వాళ్ళమ్మ ఇదే కిటికీ దగ్గర కూర్చుని
తెల్లవి ఇటు, పసుపువి అటు
గుండీలు ఏరేదట.
నది అడుగున దొరికే ఆల్చిప్పని
గుండ్రంగా కోస్తే గుండీ.
మా వైపు ఆల్చిప్పంటే
స్వాతి చినుకు కోసం నోరు తెరిచి ఎదురుచూసేది.
ఆ మాట చెప్తే
గెర్డా కాసేపు ఆలోచించి
"ఇక్కడ వాటి మీద పడింది రంపం" అంది.

గుండీలు ఎవరెవరి చొక్కాలో ఎక్కి వెళ్ళిపోయాయి.
చిల్లుల చిప్పలు ఊళ్ళోనే ఉండిపోయాయి:
చర్చి వెనక, బంతాట మైదానం కింద,
శ్మశానం దారిలో.
తర్వాత ప్లాస్టిక్ వచ్చింది.
ఆ సంగతి ఆవిడ
వాన తగ్గింది అన్నంత మామూలుగా చెప్పింది.

నా మణికట్టు చూసింది.
గుండీ ఊడి నాలుగు నెలలు.
సీసాలో చెయ్యి పెట్టి
చూడకుండానే ఒకటి తీసి ఇచ్చింది.
"సూది కావాలా?"
వద్దన్నాను, ఎందుకో.
రిజిస్టర్లో రాసుకుంది:
సందర్శకులు ఒకరు. రాబడి లేదు.
గుండీ ఒకటి.

పొద్దున కారు తీస్తుంటే
చక్రాల కింద కరకర.
మూడు రోజులుగా కంకర అనుకున్నాను.
దిగి ఒకటి ఏరాను.
మూడు చిల్లులు, లోపల ఇంకా కాస్త మెరుపు.
కన్ను ఆనించి చూస్తే
ఆర్లిస్ గుమ్మంలో పట్టా దులుపుతోంది.
చెయ్యి ఊపింది నాకో,
దుమ్ముకో.

చొక్కా ఇంకా అలాగే ఉంది.
గుండీ చిల్లరలో కలిసిపోయింది.
టోల్ దగ్గర పావలా అనుకుని ఇస్తే
ఆ పిల్ల వేలితో తిప్పి చూసి
"దీనికి నాలుగు కళ్ళున్నాయి" అంటూ
వెనక్కిచ్చింది.