కుదుపు

తరమణి ల్యాబులో
మూడంతస్తుల ఉక్కు బొమ్మ మీద
ఇరుదయరాజ్ ఇసుక సంచులు పేర్చి వారమైంది.
అది కిమ్మనలేదు.
నడుం వెంట్రుకవాసి వంగింది, అంతే.
బరువు మర్యాదస్తురాలు,
ఎంతో చెప్పి మరీ కూర్చుంటుంది.
లెక్క రాసుకుని సంతకం పెట్టేయొచ్చు.

ఇవాళ కింది బల్లకు ప్రాణం పోశాం.
బియ్యపుగింజంత కదలిక, అటూ ఇటూ.
మొదట బొమ్మ పట్టించుకోలేదు.
వేగం పెంచుతూ పోతే
ఒకచోట, ఒకే ఒక్కచోట,
లోపలి ఊపు బయటి ఊపును గుర్తుపట్టింది.
పై అంతస్తుకి పూనకం వచ్చింది.
ఇంకాస్త పెంచితే
ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

"ఎవరు తోశారు మేడమ్ దాన్ని?"
ఎవరూ తోయలేదు రాజ్.
కాళ్ళు ముందే వెళ్ళిపోయాయి,
తలకి కబురు ఆలస్యంగా అందింది.
మోసినన్నాళ్ళూ మోసిన సొంత బరువే
అడ్డంగా తిరగబడింది.

సాయంత్రం మధ్య కైలాష్ దగ్గర
బస్సు డ్రైవరు బ్రేకు తొక్కాడు.
కమ్మీ పట్టుకుని బిగుసుకున్న నేను
వెళ్ళి ముందు సీటుకి కొట్టుకున్నాను.
ఖాళీ చేపల గంప చంకనెట్టుకున్న మనిషి
దేన్నీ పట్టుకోకుండానే నిలబడే ఉంది.
"మోకాళ్ళు కొంచెం వదులు చెయ్యమ్మా,"
అంది అరవంలో.

పదిహేనేళ్ళుగా ఈ మాటనే
కోడ్ పుస్తకంలో
డక్టిలిటీ అని చదువుతున్నాను.

ఇంటికొచ్చేసరికి
మేడ మీద ట్యాంకు పొంగిపోతోంది.
అయిదు వేల లీటర్లు, అందరి నెత్తినా.
మోటారు ఆపి
కార్ల మధ్య నిలబడిపోయాను,
గోడల్లేని ఆ సన్నటి స్తంభాలకి
మోకాళ్ళెక్కడున్నాయో వెతుకుతూ.