ఏకై వచ్చినది

పాతపట్నం దాటి, రాష్ట్రం గీత దాటి,
పర్లాకిమిడి శివారులో మా రేకుల షెడ్డు.
పరుపులు తెలుగులో కొంటాం,
ఒడియాలో తూస్తాం,
కత్తెర కిందికి వచ్చేసరికి
వాటికి ఏ భాషా ఉండదు.

ఇవాళ్టి లోడు:
లాడ్జీవి పద్నాలుగు, ఆసుపత్రివి ఆరు,
గుణుపురం బస్సు సీట్లు, బ్లేడుతో చెక్కిన పేర్లతో సహా.
ఎవరో పసిపిల్ల పక్క ఒకటి,
మరక మీద మరక.
ముందు గలేబు ఒలుస్తాను.
లోపల పిన్నీసులు, మాత్రల అట్ట,
ఒకసారి మడత విప్పని పోస్టు రసీదు.
డబ్బాలో వేసి ఉంచుతాం.
ఎవరూ రారు.

మా అయ్య పీరయ్య దూదేకేవాడు.
వీధి మొగన నిలబడి నారి మీటితే
ధుంయ్... ధుంయ్...
మనుషులకంటే ముందు పరుపులు బయటికొచ్చేవి.
పదేళ్ల నిద్రకి గడ్డకట్టిన పత్తిని
గింజంత ముద్ద మిగలకుండా ఏకేవాడు.
పొద్దుగూకేసరికి అదే పత్తి, అదే గుడ్డ,
ఇంకో పరుపు.
"పాతదంటూ ఏటీ నేదే సైదా,
అణిగిపోయిందంతే" అనేవాడు
కనురెప్పల మీద తెల్లటి నూగుతో.

తర్వాత ఫోము వచ్చింది.
ఏకక్కర్లేదు, ఎండేయక్కర్లేదు,
నొక్కితే నవ్వుతూ లేచేది.
అయ్య ఒక ముక్క తెచ్చి విల్లు కింద పెట్టాడు.
నారి దాన్ని గిల్లి గిల్లి పొడి చేసింది గానీ
ఒక్క పోగు తీయలేకపోయింది.
ఏకై వచ్చి మేకైందంటారే,
ఆ సామెతని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.
విల్లు అటకెక్కింది.

ఆఖరికి ఫోమూ అణిగింది.
మహేంద్రతనయ ఒడ్డున గుట్టలుగా పడి
వాన తాగింది, ఎండకి పసుపెక్కింది,
ముట్టిస్తే నల్లటి కంపు.
కొమ్ముబొమ్మలు చేసే దండపాణి మహారణా
ఒక ముక్క పిసికి చూసి అన్నాడు:
"కొమ్ము కాస్తే వంగుతుంది.
ఇది మొండి ఘటం. మాడుతుంది, మాట వినదు."

బరంపురం నుంచి సుచరిత పాణిగ్రాహి వచ్చింది
ఒక స్టీలు పాత్రతో, గ్లైకాల్ డ్రమ్ములతో.
"లోపల అన్నీ గొలుసులు" అంది వచ్చీరాని తెలుగులో,
"గొలుసుకీ గొలుసుకీ ముడి.
కరిగించం. ముడి విప్పుతాం."
నా చెవిలో నారి మోగింది.
ఆమెకి చెప్పలేదు.

రెండువందల డిగ్రీలు.
ముక్కలు మొదట అలిగినట్టు ఉబ్బుతాయి,
ఒక అంచు జారుతుంది,
తర్వాత ఏది ఎవరిదో తెలియదు.
లాడ్జీ, ఆసుపత్రి, పసిపిల్ల,
బస్సు సీటు మీది ప్రేమ,
ఒకటే గోధుమరంగు పాకం.
గాజుగొట్టంలో పోసి గోళీ వదిలి
ఆమె ఒడియాలో, నేను తెలుగులో లెక్కపెడతాం.
ఆమె "సాత"కీ నా "ఏడు"కీ
గోళీ అడుగంటితే
పాకం వచ్చినట్టు.

మొదటి పొంగు కూలిపోయింది.
రెండోది రాయి.
మూడోదాన్ని షెడ్డు కుక్క వాసన చూసి
పక్కకెళ్లి పడుకుంది.
పాత పాకం ఎక్కువైతే మెత్తదనం రాదు.
మెత్తనిది మెత్తగానే మళ్లీ పుట్టాలా అని
గట్టి పలకలు పోశాం,
చేపల పెట్టెల్లో మంచు నిలిపేందుకు.
ముక్కుకి మాస్కు, చేతికి తొడుగు.
రెండో ద్రవం కలిపి గిలక్కొట్టి
అచ్చులో పోసి వెనక్కి జరగాలి.
మీగడరంగు.
ఒక్క క్షణం ఏమీ లేదు.
అప్పుడు లేస్తుంది, దిబ్బరొట్టెలా,
దాని లోపల దానికే ఊపిరి పుట్టి.

పలక ఒకటి ఇంటికి తీసుకెళ్లాను.
అయ్య చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాడు.
టక్ మంది.
"దీన్ని మల్లీ ఇప్పొచ్చా?"
ఒకసారి విప్పొచ్చట, ఆ తర్వాత మేడమ్‌కీ తెలీదట.
అయ్య నవ్వాడు, చాన్నాళ్లకి:
"పత్తీ అంతేనే. మూడోపాలి ఏకితే
పోగు పొట్టయిపోద్ది."

గేటు దగ్గర ఆటో హారన్.
మందస నుంచి ఇరవై మూడు పరుపులు,
వానకి తడిసి రెట్టింపు బరువు.
తూకం రేపు.
ఈలోగా కత్తెరకి సాన పట్టాలి.