మోచెయ్యి జాగా

మౌలాలి గోదాములో, సిమెంటు బస్తాల వెనక
పదిహేడేళ్లు కూచుని ఉందది.
రెండు తలుపులు, గాలి లేని నాలుగు చక్రాలు,
స్టీరింగు కింద పిల్లి ఈనిన గుడ్డపేలికలు.
"ఇనుము ధరకే ఇస్తా" అన్నాడు గోదాము ఆసామి.
నేను బేరమాడలేదు.
ఆడితే బండి వింటుందేమోనని.

ఇది మామూలు మోడలు. ముందే చెబుతున్నా.
నేను కలగన్నది దీని అక్కను:
పలచని రేకు, బంపర్లు లేవు,
పందేల కోసమని ఏడో ఎనిమిదో చేసి ఆపేశారట.
అందులో ఒకటి
బేగంపేట రన్‌వే మీద ఒక ఆదివారం పరిగెత్తింది.
తీగ కంచెకు ముక్కు ఆనించి చూశాను,
తొమ్మిదేళ్లు నాకు.
చూశాననే అనుకుంటాను. చప్పుడు మాత్రం ఖాయం:
తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టి
విదిలించినట్టు.

తర్వాత అదేమైందో ఎవరికీ తెలీదు.
మిగిలింది ఒక ఫొటో.
అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల నడుమ,
ఎవరిదో పెళ్లి ఆల్బంలో దొరికింది.
బండి పక్కన ఒకాయన,
తెల్ల చొక్కా, నవ్వు,
బానెట్ మీద మోచెయ్యి.

జబ్బార్ భాయ్ ఆల్విన్‌లో ఫ్రిజ్ తలుపులు వంచినవాడు.
కంపెనీ పోయింది, సుత్తి మిగిలింది.
అజామాబాద్ రేకుల షెడ్డులో బండిని గోకి, వాసన చూసి
"తుప్పు తీసేస్తే ఇంక మిగిలేది తుప్పే సార్" అన్నాడు.
అని, చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

రాణిగంజ్‌లో ఒక్క కార్బురేటర్ జెట్ కోసం
ముప్పై ఒక్క షాపు మెట్లెక్కాను.
జుమేరాత్ బజార్‌లో పసుపు దీపం ఒకటి దొరికింది,
దాని జంట ఏడు గురువారాల తర్వాత
అదే మనిషి దగ్గర!
"అప్పుడే అడగొచ్చుగా" అన్నాడు తాపీగా.
సీట్లు కుట్టింది కవాడిగూడ సుగుణమ్మ,
రిక్షా టాపులు కుట్టిన సూదితోనే.
నలుపు తెలుపు ఫొటోలో రంగెక్కడిది?
పెయింటర్ మోజెస్ డబ్బా వెనక డబ్బా కలిపాడు,
అయిదో దానికి
నా తొమ్మిదేళ్ల కన్ను ఊఁ కొట్టింది.
పండు మిరప, ఎండడానికి ఒక రోజు ముందు.

ఇక బానెట్.
అసలు దానికి రేకు మీద గాలి చీలికలుండేవి,
చేప మొప్పల్లా.
ఫొటోలో ఆరు కనిపిస్తాయి. ఆ పైన మోచెయ్యి.
దాని కింద ఎన్ని? రెండా? నాలుగా?
ఉత్తరాలు రాశాను. ఒక పెద్దాయన ఎనిమిదన్నాడు,
ఇంకొకాయన తొమ్మిదని ఒట్టేశాడు.
సుద్దతో గీశాం. తుడిచాం.
మళ్లీ గీశాం.
"ఎన్ని కొయ్యాలె సార్?"
ఉలి చల్లారుతోంది, చాయ్ చల్లారుతోంది.

ఆ వారమే జూబ్లీహిల్స్ నుంచి ఒక కుర్రాడొచ్చాడు,
బూట్లకు మా షెడ్డు మట్టి అంటకుండా నిలబడి:
"ఛాసిస్ మీద అసలు దాని నంబరు కొట్టించండి అంకుల్,
కోటికి తక్కువ రాదు."
జబ్బార్ భాయ్ గ్లాసు కింద పెట్టాడు.
"నలభై ఏండ్లు సొట్టలు తీసిన బేటా.
అబద్ధం ఒక్కటే సుత్తికి లొంగది.
ఈడ కొడితే ఆడ లేస్తది."

కుర్రాడు వెళ్లాక చాలాసేపు
షెడ్డులో ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.
"ఆరే కొయ్యండి" అన్నాను.
"మిగిలిన జాగా?"
"అట్లే ఉంచండి."
భాయ్ ఫొటో వంక చూశాడు, నా వంక చూశాడు,
మొదటి దెబ్బ వేశాడు.

ఇవాళ తెల్లారకముందే టాంక్‌బండ్ మీదికి తీశాను.
పెట్రోలు ముల్లు పనిచేయదు,
రెండో గేరు అలిగి అలిగి పడుతుంది,
దుప్పటి విదిలింపు మాత్రం
అచ్చం అదే. లేదా
అదేనని నా చెవులు ఒప్పుకున్నాయి.

చాయ్ బండి దగ్గర ఆపితే
గ్లాసులు కడిగే పిల్లాడు బానెట్ చుట్టూ తిరిగి
వేలితో చీలికలు లెక్కపెట్టి, ఆగి,
"ఈడ ఖాళీ ఎందుకన్నా?" అన్నాడు.

అక్కడొకాయన ఆనుకుని నిలబడి ఉన్నాడు నాయనా.
పేరు తెలీదు.
ఇంకా చెయ్యి తియ్యలేదు.