పదిహేను విభక్తులు

ఆరున్నరకి ట్యూబ్‌లైటు కొట్టుకుంటూ వెలుగుతుంది.
ఒకే గదిలో ఆరుగురం.
ఆరు తెల్లచొక్కాలు ఇస్త్రీబల్ల దగ్గర క్యూ కడతాయి.
మీసాలైనా సరిగా రాని మమ్మల్ని
ఇక్కడ ఎల్డర్ అంటారు,
అంటే పెద్ద అని.
జేబు మీది నల్లబిళ్ళలో ఇంటిపేరొక్కటే.
అమ్మ పిలిచే పేరు
సూట్‌కేసు అడుగున, స్వెట్టరు మడతలో నిద్రపోతోంది.

నా జోడీ ఎల్డర్ ఫెన్, నెవాడా వాడు.
ఒకరినొకరు కనుచూపు దాటి పోకూడదు, అది నియమం.
నేను పళ్ళు తోముకుంటుంటే
అతను తలుపుకి ఆనుకుని నిలబడతాడు.
అతను రాత్రి గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే
నేను తెరిచిన పుస్తకాన్నే మళ్ళీ తెరుస్తాను.
నీడకైనా మిట్టమధ్యాహ్నం కాస్త విరామం ఉంటుంది.

మమ్మల్ని పంపేది ఫిన్లండ్‌కి.
తొమ్మిది వారాల్లో ఆ భాష నోటికి రావాలి.
పదిహేను విభక్తులు!
ఇంట్లో, ఇంట్లోంచి, ఇంట్లోకి,
ఇంటి మీద, ఇంటి మీంచి, ఇంటి మీదికి.
ఇల్లు కదలదు, తోక మారుతుంటుంది.
ఇల్లు లేకుండా అనడానికీ ఒక తోక ఉంది.
అది రాతలోనే, మాటల్లో ఎవరూ పెద్దగా వాడరు,
గుర్తుంటే చాలు, అన్నారు బ్రదర్ టింగీ.

క్యాంటీన్‌లో
ఒక బల్ల మీద పోర్చుగీసు, పక్క బల్ల మీద టాగలాగ్,
ఎవరికి వారు ఉప్పు అడగడం నేర్చుకుంటున్నారు.
కిటికీలోంచి ప్రోవో కొండ
దానికే భాషా అక్కర్లేనట్టు మంచు కప్పుకుని కూర్చుంటుంది.

మధ్యాహ్నం బ్రదర్ టింగీ కోటు విప్పేసి
భార్య పోయిన ముసలాయన అయిపోతాడు.
ఉత్తుత్తి తలుపు మేం తట్టాలి,
ఉత్తుత్తి కాఫీ వద్దనాలి,
దేవుణ్ణి గురించి చెప్పాలి.
నీ భార్యకి దేవుడు తెలుసా అని అడగబోయి
ఫెన్ ఒక తోక తప్పు తగిలించాడు:
"నీ భార్యలో దేవుడున్నాడా?"
నేను నవ్వాపుకుంటూ బూట్లు చూసుకున్నాను.
ముసలాయన చాలాసేపు మాట్లాడలేదు.
"ఉండేవాడు," అన్నాడు.
ఆ తర్వాత ఆ పూటకి పాఠం సాగలేదు.

రాత్రి మోకాళ్ళ మీద, ఫిన్నిష్‌లోనే ప్రార్థించాలి.
నాకొచ్చినవి ఇన్నే:
కృతజ్ఞతలు, రొట్టె, మంచు, సోదరుడు, ఈరోజు.
నా తప్పులకి ఆ భాషలో పేర్లు ఇంకా నేర్చుకోలేదు.
ఐదు వారాలుగా
దేవుడి ముందు నేను నిర్దోషిని.

బుధవారం బట్టలు ఉతుక్కునే రోజు.
డ్రయ్యరు తిరుగుతుండగా ఫెన్ అన్నాడు,
ఇంగ్లీషులో, నెమ్మదిగా,
"నేను వెళ్ళిపోతున్నా."
ఎందుకని నేను అడగలేదు.
అతని చొక్కాలు కూడా నేనే మడతపెట్టాను,
కాలర్లు లోపలికి, మా అమ్మ పెట్టినట్టు.

మర్నాడు వ్యాను దగ్గర
సూట్‌కేసు చీటీ మీద చూశాను: జేరం.
ఐదు వారాలు నా మంచానికి మూరెడు దూరంలో పడుకున్నవాడి పేరు.
పిలవాలనిపించింది.
చెయ్యి ఊపాను.

కొత్త జోడీని ఇచ్చేలోపు నలభై నిమిషాలు.
గదిలో నేను ఒక్కణ్ణి.
ఇల్లు వదిలాక మొదటిసారి తలుపు మూసుకున్నాను,
ఏం చెయ్యాలో తోచక మళ్ళీ తెరిచాను.
అతని మంచం కింద మంచుబూట్లు ఉండిపోయాయి.
రెండు శీతాకాలాలకి సరిపోతాయని
వాళ్ళ నాన్న ఎంచి కొన్నవి,
ఒక్క అడుగు కూడా నడవనివి.
సైజు పన్నెండు. నాది పదిన్నర.
రెండు జతల మేజోళ్ళు వేసుకుని
గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూశాను.

తర్వాత మోకరించాను, బూట్లతోనే.
కృతజ్ఞతలు. రొట్టె. మంచు. ఈరోజు.
సోదరుడు అన్న మాటకి
ఎవరూ వాడని ఆ తోక తగిలించాను.

సరిగా తగిలిందో లేదో
దిద్దడానికి పక్కన ఎవరూ లేరు.