నూట పన్నెండో భాగం

'ఉమ్మడి గోడ'ల ఏ భాగం ఇష్టమని ఎవరన్న అడిగితే
అరవై మూడు అని చెప్తుంటి ముందుగాల.
మంగళవారం, రాత్రి ఎనిమిదిన్నర,
వారాసిగూడల మా గల్లీ అంత
మా ముందటి అర్రలనే.
ఆ రోజు మా కిరాయిదారు బాలకిషన్
గ్యాస్ బండ భుజానికెత్తుకొని
పెద్దకోడలు సుభద్ర వంటింట్లకు నడిచిండు.
నాలుగు సెకన్లు.
అది గూడ వీపే.
"మొకమేది బిడ్డా?" అన్నది వాళ్ళమ్మ.
"నడక చూడే, నాదే గదా!"
కృష్ణానగర్‌ల పొద్దుగూకులు ఎండకు నిలబడి
మూడుసార్లు మోసిండంట,
ఖాళీ బండకు డైరెక్టర్ ఒప్పుకోలేదంట.
తెల్లారి కిరాణా షాపాయన
ఉద్దెర బుక్కుల అతని పేరు పక్కన
'ఆర్టిస్టు' అని రాసుకున్నడు.
బాకీ అట్లనే ఉండె.

ఇరవై తొమ్మిది గూడ మంచిదే.
పదకొండేండ్ల సంది అన్నతోని మాట్లాడని మాధవయ్య
గోడ అవతల దగ్గు విని
శొంఠి పొట్లం గోడ మీద పెట్టి పోతడు.
మా నాయిన ప్రెస్సుల కంపోజింగు చేస్తుండె,
అక్షరాలు ఉల్టా చదివే మనిషి,
ఏడ్సుడు గూడ ఉల్టానే:
పండ్లన్ని కనిపిస్తుండె, కండ్లు కారుతుండె.
"వోల్టేజీ లేదు, బొమ్మ కనిపిస్తలేదు" అనుకుంట
స్టెబిలైజర్ నెత్తి మీద ఒక్కటిచ్చిండు.

నూట పన్నెండు మాత్రం నేను చూడలేదు.
గల్లీల ఎవ్వరు చూడలేదు.
సుభద్ర ముందట స్టాంపు కాయిదం పెట్టిన్రు,
చేతికి పెన్నిచ్చిన్రు,
మూల మీది ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మన్నది.

తెల్లారగట్ల నాలుగింటికి నల్లా వచ్చింది.
బిందెల లైన్ల మహజబీన్ ఆపా.
నిన్న యాకుత్‌పురాల అన్నల ఇంటికి పోయి
ఆఖరు బస్సుకు తిరిగొచ్చింది.
"ఆడ కరెంటు ఉండెనా ఆపా?"
"ఉండె."
"మరి సంతకం పెట్టిందా?"
బిందె మెడ దాక నిండేదాక ఆపా నీళ్ళనే చూసింది,
బొటనవేలు బిందె అంచుకు రుద్దుకుంట.

"ఎట్ల పెడ్తది?
పెన్ను మూత తీసింది, మల్ల పెట్టింది.
'అరే భాయ్' అన్నది"
(సుభద్ర 'అరే భాయ్' అనదని
మేమెవ్వరం అడ్డం చెప్పలేదు)
"'అమ్మ మూడేండ్లు మంచంల ఉండె.
ఆ మంచం ఎవరి వాటాల రాసిన్రు?
ఒళ్ళు తుడిచిన గుడ్డలు ఎవరి వాటాల?
ఫజర్‌కు ముందు లేసి కాచిన గంజి ఎవరి వాటాల?
ఫస్టు అవి లెక్కగట్టున్రి,
గోడల సంగతి తర్వాత.'
అని, పెన్ను తీసి చాయ్ గిలాసల ముంచింది.
చాయ్ నీలమైపోయింది.
అన్నలు ఒకల మొకం ఒకలు చూసుకున్నరు."

"సుభద్రకు అన్నలెక్కడివి ఆపా, మరుదులు గదా?"
అన్నది మా అమ్మ.
"హా, అదే. మరుదులు."

నల్లా బందైంది.
మా బిందెలు సగానికే ఉండె,
ఆ పొద్దు ఎవ్వరు నల్లాను తిట్టలేదు.

నిరుడు వానకాలం జరమొచ్చి పండుకుంటే
నా బిడ్డ ఫోన్‌ల ఎతికి పెట్టింది నూట పన్నెండు.
ఇరవై రెండు నిమిషాలు.
సుభద్ర పెన్ను తీసుకుంటది,
కొంగుతోని కండ్లొత్తుకుంటది,
సంతకం పెడ్తది.
వయొలిన్ మోగుతది.
చాయ్ గిలాస ఎక్కడా లేదు.
ఇంకేదన్న ముక్క కోసేసిన్రేమో అని
మల్ల మొదటి నుంచి పెట్టి చూసిన.

ఆపా బొటనవేలికి ఆ పొద్దు అంటింది
మసి అనుకున్న నేను.
బిందెడు నీళ్ళు పోసుకున్నా పోలేదు.
నీలంగ ఉండె.

ఇప్పుడెవరన్న అడిగితే నూట పన్నెండంట.
సీరియల్ తెలిసినోళ్ళు నవ్వుతరు:
"అండ్ల ఏముందే? ఏడుస్తది,
సంతకం పెడ్తది, అయిపోతది."
అవును, అంట నేను.
అయిపోతది.