ఎడమకు లాగే బండి

పైనున్నదంతా ఊడదీశాక బండి అంటే ఇంతే:
రెండు పొడుగాటి ఇనుప దూలాలు,
వాటిని కలిపి పట్టుకున్న అయిదు అడ్డకమ్మీలు.
నిచ్చెనను నేలమీద పడుకోబెట్టినట్టు.
క్యాబిన్ గడ్డిలో ఉంది. తొట్టి కంచెకు ఆనుకుని ఉంది.
ఇంజను గొలుసుకు వేలాడుతూ
ఇంకా నూనె కారుస్తోంది.

కేప్ బ్రెటన్‌లో ఇనుముకు ఆయుష్షు తక్కువ.
ఒకవైపు సముద్రం,
ఇంకోవైపు చలికాలమంతా
మంచు కరగాలని రోడ్లమీద చల్లే ఉప్పు.
ఉప్పు తిన్నవాళ్ళకు విశ్వాసం ఉండాలంటారు.
ఇక్కడ తిన్నది ఉప్పే.
తినబడ్డది మా నాన్న అరవై ఎనిమిది ఫార్గో.

సుత్తితో తడుతూ పోతాను.
గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది.
కుళ్ళినచోట తడిసిన అట్టపెట్టెలా
ఏమీ మాట్లాడదు.
వెనక స్ప్రింగు కొక్కెం దగ్గర సుత్తి లోపలికే దిగబడింది.
గుప్పెడు ఎర్రపొడి రాలింది,
దాంతోపాటు ఒక లాబ్‌స్టర్ డెక్క.

రివెట్టు తల గ్రైండరుతో కోసి, నడుమ డ్రిల్లు దించి,
పంచి పెట్టి కొట్టాలి.
ఒక్కోదానికి ఇరవై నిమిషాలు, కొన్నింటికి ఒక పూట.
పొరుగింటి లాక్లన్ సాయానికొస్తాడు.
"హాలిఫాక్స్‌లో తుప్పులేని ఫ్రేము ఒకటుంది మర్డీనా,
ఆల్బర్టా నుంచి వచ్చిందట."
ఉండనీ.

మూల నుంచి మూలకు టేపు పట్టాం.
ఇటునుంచి అటు ఒక కొలత,
అటునుంచి ఇటు ఇంకొకటి.
అర అంగుళం తేడా.
ఈ బండి ఎప్పుడూ ఎడమకు లాగేది.
నాన్న టైర్లను తిట్టేవాడు, రోడ్డును తిట్టేవాడు,
ఆ రోడ్డు వేయించిన ప్రభుత్వాన్ని
బతికినన్నాళ్ళూ తిట్టాడు.

ఎడమ దూలం, డ్రైవరు కాళ్ళ కింద.
తీగబ్రష్షుతో రుద్దితే నల్లరంగు పొర లేచింది.
దాని అడుగున కాస్త ఎత్తుగా
జానెడు పొడుగు వెల్డింగు.
నాన్నది కాదు. నాన్న వెల్డింగు పిట్టరెట్ట.
ఇది వరసగా ఒకదానిమీదొకటి ఒరిగిన నాణేలు,
అన్నీ మనం అనుకోని వైపుకే ఒరిగాయి.
ఎడమచేతి వాటం.
మా ఇంట్లో ఎడమచేయి ఒక్కరిదే.

యుద్ధం రోజుల్లో సిడ్నీ ఉక్కు ఫ్యాక్టరీలో
రెండేళ్ళు పనిచేశానని అమ్మ అనేది.
ఏం పనో చెప్పలేదు. మేం అడగలేదు.
ముంజేతులమీద తెల్లటి చుక్కలు
నూనె చిట్లినవనుకున్నాం.

డెబ్భై ఒకటి, అక్టోబరు. నాకు పదిహేడు.
నాన్న పడవమీద ఉన్నాడు, మూడు రోజులకు గాని రాడు.
డాన్సు నుంచి తిరిగొస్తూ మార్గరీ దిగుడులో
కల్వర్టు రాయికి కొట్టాను.
ఎలాగో ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టి
దుప్పట్లో తెల్లవార్లూ వణికాను.
ఎవరికీ చెప్పలేదు.
మర్నాడు రాత్రి షెడ్డు కిటికీలో నీలంగా మెరిసింది.
మళ్ళీ మెరిసింది.
ఉరుము రాలేదేమిటా అనుకుంటూ నిద్రపోయాను.

నాన్న వచ్చాడు, బండెక్కాడు, రేవుకు పోయాడు.
అమ్మ నా ఓట్స్ జావలో పంచదార
రోజూకన్నా ఒక చెంచా ఎక్కువ వేసింది.
నాది అదృష్టమనుకున్నాను.
యాభై ఏళ్ళకు పైగా
అదృష్టమనే అనుకున్నాను.

మిగతాదంతా కోసేశాను.
వెనక సగం కొత్త ఉక్కు, కొత్త అడ్డకమ్మీలు,
రివెట్లున్నచోట బోల్టులు.
లాక్లన్ గ్రైండరు పట్టుకుని ఆ జానెడు దగ్గర ఆగాడు.
"ఇది కూడానా?"
బలానికి లోపలివైపు ప్లేటు వేశాను.
నా వెల్డింగు అంత బాగా కుదరలేదు.
బయటివైపు ముట్టుకోనివ్వలేదు.

రెండు పూతల ప్రైమరు, రెండు పూతల నలుపు.
అక్కడ మాత్రం పలచగా వేశాను,
వేలితో తడిమితే నాణేలు తగిలేలా.

అర అంగుళం అలాగే ఉంది.
మంచు కరిగాక రోడ్డెక్కితే మళ్ళీ ఎడమకే లాగుతుంది.
లాక్లన్‌కు ముందే చెప్పి పెట్టాను:
నువ్వు తోలేటప్పుడు తిట్టాలనిపిస్తే
రోడ్డును తిట్టు.